సాము: బలమా, విద్యయా?

మన వ్యాయామచరిత్రను గూర్చి వ్రాసినవారిలో రెండు తెగలు కనబడుచున్నవి. పూర్వులు దండీలు, బస్కీలు వేలకొలదిగా తీసి కండలు పెంచిరే గాని దేహశిక్షణమునకు ఒక క్రమము నెఱుగరనియు, ఆ క్రమము పాశ్చాత్యుల డ్రిల్లుతోడను, శాండో చూపిన కండల విద్యతోడను మనకు సంక్రమించెననియు ఒక తెగవారు చెప్పుదురు. భీమజరాసంధుల ద్వంద్వయుద్ధమునే ప్రమాణముగా జూపి, సర్వమును ద్వాపరముననే కలదని తృప్తిపడువారు రెండవ తెగ. ఇరుతెగలవారును విచారింపని ప్రశ్న యొకటి కలదు: బలమును ఆర్జించుటకును, ఆ బలమును పట్టులోనో వేటులోనో వినియోగించుటకును నడుమ మనవారు ఎట్టి సంబంధమును పాటించిరి? దేహపరిశ్రమ చేయుటయు తెలుగున సామే, కత్తి త్రిప్పుటయు కర్ర త్రిప్పుటయు సామే. ఒక్క మాటలో రెండర్థములు ఇమిడియుండుట కాకతాళీయమని నేను తలంపను.

పురాణమల్లులను విడిచిపెట్టుదము, వారి బలము వర్ణితమయ్యెనే గాని శిక్షణము వర్ణితము కాలేదు. నిలువదగిన ఆధారము కల్యాణి చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుని (1126–1138) మానసోల్లాసము. అందలి మల్లవినోదమున బరువులెత్తు భారశ్రమము, దూరము నడచు భ్రమణశ్రమము, నీట నీదు సలిలశ్రమము, కంబము నాశ్రయించి చేయు స్తంభశ్రమము వేర్వేరుగ పేర్కొనబడినవి. బరువు భుజమునకు, నడక ఊపిరికి, కంబము పట్టునకు అని విడదీసి చూడగలిగినవారిని క్రమ మెఱుగనివారనుట సాహసము.

ఇంతకంటెను నాకు విలువగలదిగా తోచునది, 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేసు వ్రాసిన వృత్తాంతము. కృష్ణదేవరాయలు తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల ఆ నూనెయే పట్టించుకొని, గోచి బిగించి, మట్టితో జేసిన పెద్ద బరువులను చేతులతో నెత్తి, పిమ్మట కత్తి చేబూని నూనె యంతయు చెమటతో కారిపోవువఱకు సాముచేసి, అటుపై తన మల్లులలో నొకనితో పెనగి, ఆ శ్రమ ముగిసిన పిదప గుఱ్ఱమెక్కి వేకువవఱకు మైదానమున నలుదెసల దౌడు తీయించుచుండెనట. ఈ కథలో నూనె త్రాగుట యొక్కటియే లోకమునకు జ్ఞాపకమున్నది. నేను గమనింపుమని కోరునది క్రమమును. బరువుతో భుజములు మేల్కొన్న వెంటనే కత్తి. కత్తితో చెమట పట్టిన వెంటనే ఎదుట నొక మనుష్యుని ప్రతిఘటనము. అలసిన ఆ దేహముతోడనే పరుగెత్తు గుఱ్ఱముపై తూకము నిలుపుకొనుట. ప్రతి మెట్టును పైమెట్టునకు వలయు దేహస్థితిని సిద్ధపఱచుచున్నది.

ఆక్షేపణలు లేకపోలేదు. ఇది ఒక్క విదేశీయుని సాక్ష్యము. నగరులో వేకువకు మునుపు జరుగు పనిని అతడు విని వ్రాసియుండుటయే సంభావ్యము. రాజునకు దొరకు తీరికయు తైలమును సామాన్యభటునకు దొరకవు. అయినను ఆ పేసే మహర్నవమి యుత్సవములలో పండ్లు రాలి కన్నులు పోవునంతటి దెబ్బలతో మల్లులు పోరుటను వర్ణించినాడు. అట్టి పోరునకు దిగువానికి కండయొక్కటే కాపు కాజాలదు. అంతకు నాలుగు శతాబ్దుల వెనుకటి మానసోల్లాసమును ప్రక్కనుంచి చదివినచో, రాయల దినచర్య ఒక రాజుగారి చాపల్యముగా గాక దక్షిణాపథమున నెగడిన ఒక సంప్రదాయముగా కనబడును.

1878 నాటి ఆయుధశాసనముతో సాము నశించెనని తఱచుగ వినుచున్నాము. ఇది సగము నిజము. కత్తి పోయినను కర్ర పోలేదు. దసరాకును పీర్ల పండుగకును తాలింఖానాల (సాము నేర్పు గరిడీల) వారు వీధులలో సాము చూపుచునే యుండిరి. విడిపోయినది కసరత్తునకును పోరునకును గల ముడి. ముద్గరము కథయే ఇందుకు నిదర్శనము. మన గోదాలలో ముద్గరమును త్రిప్పువాని భుజము వేటునకు సిద్ధమగుచుండెను. ఆంగ్లసైనికులు దానిని తమ దేశమునకు గొనిపోగా, డోనాల్డు వాకరు 1834 నాటి తన వ్యాయామగ్రంథమున చేర్చెను. తేలికపడి, కొయ్యబుడ్లుగా మాఱి, తుదకు 1904, 1932 ఒలింపిక్ క్రీడలలో జిమ్నాస్టిక్సు పోటీ యయ్యెను. ఎదిరి లేని ఆ రూపముననే డ్రిల్లు వెంట మన పాఠశాలలకు మరలివచ్చెను. ఇంటి బిడ్డ పెంపుడు పోయి చుట్టమై వచ్చినట్లు!

కోడి రామమూర్తినాయుడుగారి యెడ నాకు మిక్కిలి గౌరవము కలదు. వీరఘట్టమున జన్మించి విజయనగరమున పెరిగి, సర్కసు నెలకొల్పి, ఱొమ్ముపై ఏనుగును నిలిపి, ఉక్కుగొలుసులు త్రెంచిన మహాబలు డాయన. అయినను ఆయన కీర్తిచేత తెలుగువాని మనస్సున బలమనునది టిక్కెట్టు కొని చూడవలసిన వింతగా స్థిరపడెను. ఆ కాలముననే గామా పైల్వాను 1910లో లండనున జ్బిష్కో యను మల్లుని ఎదుర్కొని, 1928లో పటియాలాలో నిమిషము లోపల పడగొట్టినాడు. గామా దండీల సంఖ్యను గూర్చిన కథలలో అతిశయోక్తి యుండవచ్చును గాని, ఆ దండీలు గోదా మట్టిని విడిచి ఎఱుగవు.

నేడు జిమ్ములో అద్దము నెదుట బరువులెత్తి, వారమునకు రెండు దినములు కరాటే నేర్చు యువకుడు, రెంటియందును శ్రద్ధగలవాడయ్యు, నిజమైన పెనుగులాటలో రెండవ నిమిషముననే రొప్పుచున్నాడు. దోషము వానిది కాదు. రెండు విద్యలను రెండు కప్పుల క్రింద అమ్మినవారిది. అట్లని పూర్వపద్ధతి నంతయు మరల నిలుపుమని నేననను. మోకాళ్ళరుగునంతగ బస్కీలు తీయించుట, విశ్రాంతిని అవమానముగ నెంచుట, కడపటి పట్టును శిష్యునకు చెప్పక దాచుకొను వస్తాదుల లోభము, స్త్రీలకు గరిడి తలుపు మూసియుంచుట, ఇవి పోవుటయే మేలు. బాలికలు కుస్తీబరిలో నిలిచి గెలుచుట ఆ వస్తాదుల కాలమునకు చేతగాని పని.

తాలింఖానాలు నడపిన వృద్ధులు మన యూళ్ళలో ఇంకను అక్కడక్కడ కలరు. పాఠకులలో నెవరికైనను అట్టివారు తారసిల్లినచో, ఎన్ని దండీలు తీసెడివారని అడుగక, ఏది ముందు, ఏది తరువాత చేయించెడివారో అడిగి వ్రాసి యుంచవలెనని నా ప్రార్థన.