గాలింపు

‘ముమ్మర గాలింపు’ అని పత్రికలో చదవగానే పోలీసు జీపులు గుర్తొస్తాయి. ఆ మాటకు పాత చోటు వంటిల్లు. బియ్యాన్ని నీళ్లలో ఆడిస్తూ, రాళ్లు అడుగున మిగిలేలా గింజల్ని మరో గిన్నెలోకి వంచడమే గాలించడం. ఓపిక లేకపోతే రాయి పంటి కిందికొస్తుంది.

పోలీసు గాలింపు సంగతికొస్తే, ఢిల్లీ పక్కనే, నోయిడాలోని నిఠారీలో పిల్లలు మాయమవుతుంటే పేద తల్లిదండ్రుల మొరను పోలీసులు పట్టించుకోలేదు. 2006 డిసెంబరులో మురుగుకాలువలో పిల్లల ఎముకలు బయటపడ్డాకే అసలు గాలింపు మొదలైంది. ఆ ఉదంతం ప్రేరణతో 2024లో వచ్చిన హిందీ చిత్రం ‘సెక్టర్ 36’లోని ఇన్‌స్పెక్టరూ ఆపద తన కూతురి దాకా వచ్చాకే కదులుతాడు. తర్వాత అతనికి వేట తప్ప మరేదీ పట్టదు. హత్యలకన్నా ఆ ఆలస్యమే నన్ను ఎక్కువ కలచివేసింది.