కొన్న ఆటగాళ్లు, కొనలేని అభిమానం

ధనిక క్లబ్బు ఒకటి కోట్లు వెచ్చించి పేరుమోసిన ఆటగాడిని తెచ్చుకొన్నప్పుడు దాని అభిమానులలో రెండు మాటలు పుడతాయి. ‘ఈ ఏడు కప్పు మనదే’ అనేది మొదటి మాట. ‘ఇంత డబ్బు పోసి గెలిస్తే ఆ గెలుపు మనదవుతుందా?’ అనేది రెండవది. ఐరోపా ఫుట్‌బాల్‌లో ఈ వాదం చాలాకాలంగా సాగుతున్నది. కోవిల్పట్టి, విరుదునగరం ప్రాంతాలకు కూడా ఇది పరాయి సంగతి కాదు. ఇక్కడి మైదానాలలో ఫుట్‌బాల్ కంటె హాకీకే పెద్దపీట. ఆ హాకీలోనూ 2024 నుండి ఆటగాళ్ల వేలం మళ్లీ మొదలైనది. అందుచేత జట్టు అంటే ఏమిటి, దానిపై అభిమానం దేనిని పట్టుకొని నిలుస్తుంది అనే విషయాలను ఈ ప్రాంతపు కుటుంబాలు తెలుసుకొనుట అవసరం.

బదిలీ రుసుము అంటే ఏమిటి?

ఫుట్‌బాల్‌లో ఆటగాడికి తన క్లబ్బుతో కొన్ని సంవత్సరాల ఒప్పందం ఉంటుంది. ఆ గడువు తీరకముందే మరొక క్లబ్బు అతనిని కోరినట్లయితే, పాత క్లబ్బుకు పరిహారంగా చెల్లించే మొత్తమే బదిలీ రుసుము. ఆటగాడి జీతం దీనికి వేరు. గడువు తీరిన ఆటగాడు రుసుము లేకుండానే వేరొక క్లబ్బుకు పోవచ్చునని 1995లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పినది. బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు వేసిన వ్యాజ్యంలో వచ్చిన ఈ తీర్పు తరువాత ఆటగాళ్ల జీతాలు బాగా పెరిగినవి.

2017 ఆగస్టులో బ్రెజిల్ ఆటగాడు నేమార్ కోసం ప్యారిస్ సెయింట్ జెర్మేన్ క్లబ్బు బార్సిలోనాకు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించినది. బదిలీ రుసుములలో అదే అత్యధికం.

ఫిఫా నియమాలలో మరొక ముఖ్యాంశం కలదు. ఆటగాడు రుసుముపై ఒక దేశం నుండి మరొక దేశానికి మారినప్పుడు, ఆ మొత్తంలో 5 శాతాన్ని అతనికి 12 నుండి 23 ఏళ్ల వయస్సు మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచవలెను. విత్తు నాటినవారికి పంటలో కొంత భాగం చేరవలెనన్నదే ఈ నియమపు ఉద్దేశం.

వేలం పద్ధతి

హాకీ ఇండియా లీగ్ 2013లో ఆరంభమై, 2017 తరువాత ఆగిపోయి, 2024 డిసెంబరు 28న పునఃప్రారంభమైనది. అంతకుముందు అక్టోబరులో ఢిల్లీలో ఆటగాళ్ల వేలం జరిగినది. పురుషుల జట్లు ఎనిమిది. ఒక్కొక్క జట్టు వేలంలో 4 కోట్ల రూపాయలకు మించి వెచ్చించరాదు. జట్టుకు 24 మంది ఆటగాళ్లు. వారిలో 16 మంది భారతీయులు, 8 మంది విదేశీయులు. భారతీయులలో కనీసం నలుగురు జూనియర్లు ఉండవలెను.

ఆ వేలంలో భారత జట్టు నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగ్‌ను సూర్మా హాకీ క్లబ్ 78 లక్షలకు తీసుకొన్నది. అదే అత్యధిక ధర. విదేశీయులలో గొంజాలో పెయ్యాట్‌కు హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు పెట్టినది. తమిళనాడు డ్రాగన్స్ జట్టు నెదర్లాండ్స్‌కు చెందిన యిప్ యాన్సెన్‌ను 54 లక్షలకు దక్కించుకొన్నది.

వేలంలో పలికిన ధర ఆటగాడి పారితోషికమే గాని, ఒక క్లబ్బు మరొక క్లబ్బుకు చెల్లించే రుసుము కాదు. ఖర్చుకు పరిమితి ఉన్నందున అన్ని జట్లూ ఒకే మొత్తంతో బరిలోకి దిగుతాయి. ఆ మేరకు ఈ పద్ధతి న్యాయమైనదే. అయితే వేలం జట్టును సమకూర్చగలదు గాని, ఆ జట్టుకు ఒక ఊరిని సమకూర్చలేదు. తొలి సీజన్‌లో పురుషుల మ్యాచులు రూర్కెలా, రాంచీ నగరాలలోనే జరిగినవి. తమిళనాడు పేరు పెట్టుకొన్న జట్టు ఆటను తమిళనాడు ప్రజలు టెలివిజనులో చూడవలసి వచ్చినది. ఫైనల్‌లో హైదరాబాద్‌పై 4-3తో బెంగాల్ టైగర్స్ గెలిచినప్పుడు కూడా ఇరుజట్ల అభిమానుల పరిస్థితి అదే. 2026 సీజన్‌లో చెన్నైలో మ్యాచులు జరుగుట మేలైన మార్పు. అదే సీజన్‌కు ముందు యు.పి. రుద్రాస్ యాజమాన్యం లీగ్ నుండి వైదొలగినది. డబ్బు పెట్టినవారు తప్పుకొన్నచో, ఒక్క ఏడాది పాటు ఆ రంగు చొక్కా వేసుకొన్న అభిమాని ఏమి చేయవలెను?

హైదరాబాద్ చెప్పే పాఠం

ఈ ప్రశ్నకు తెలుగునేలపైననే రెండు ఉదాహరణలు కలవు. మొదటిది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచినది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. ఆ పోలీస్ జట్టుకు కోట్ల పెట్టుబడి లేదు. నగరపు మైదానాలలో పెరిగిన యువకులకు పోలీసు శాఖలో ఉద్యోగం, నిత్య సాధన, మంచి గురువు లభించినవి. హైదరాబాద్ పెద్దలు ఆ పేర్లను తరువాతి తరాలకు చెప్పుకొన్నారు.

రెండవది హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్. పుణె నగరపు క్లబ్బు స్థానంలో 2019లో ఇది ఏర్పడినది. తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన ఈ జట్టు, స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్క్వెజ్ ఆధ్వర్యంలో కోలుకొన్నది. 2021-22 సీజన్‌లో నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఒగ్‌బెచే 18 గోల్స్ చేసెను. 2022 మార్చి 20న గోవాలోని మడ్గావ్‌లో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయినది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీలలో మూడింటిని ఆపెను. కరోనా కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే నడిచినందున హైదరాబాద్ గచ్చిబౌలి మైదానంలో ఒక్క మ్యాచి కూడా జరుగలేదు.

ఆ తరువాతి పతనం చాలా వేగంగా వచ్చినది. 2023-24లో జీతాల బకాయిలు పేరుకొన్నవి. పలువురు ఆటగాళ్లు వెళ్లిపోయారు. కొత్తవారిని నమోదు చేసుకొనకుండ ఫిఫా నిషేధం విధించినది. మిగిలిన కుర్రవారితో ఆడిన జట్టు 22 మ్యాచులలో ఒక్కటే గెలిచి చివరి స్థానంలో నిలిచినది. 2024లో యాజమాన్యం మారినది. 2025లో కొత్త యజమానులు క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. కప్పు గెలిచిన మూడేళ్లకే హైదరాబాద్ అభిమానికి తన జట్టు లేకుండా పోయినది.

బయటివారు రావడమే తప్పా?

ఈ రెండు ఉదాహరణలను చూసి, బయటి ఆటగాళ్లు వచ్చినందుననే అభిమానం చెడుతుందని అనుకొనుట పొరపాటు. కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బు చరిత్రే దీనికి సాక్ష్యం. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుండి నిలువనీడ లేక వచ్చిన లక్షలాది శరణార్థులకు ఆ క్లబ్బే పోయిన ఊరికి గుర్తు. అటువంటి క్లబ్బులో ‘పంచ పాండవులు’ అని బెంగాలీలు ముద్దుగా పిలుచుకొన్న అయిదుగురు ముందువరుస ఆటగాళ్లు ధన్‌రాజ్, వెంకటేశ్, అప్పారావు, సాలే, అహ్మద్ ఖాన్. అయిదుగురూ దక్షిణాదివారే. 1949 నుండి 1951 వరకు వరుసగా మూడుసార్లు ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలిచిన జట్టు వారిది.

తరువాత సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో అదే క్లబ్బులో చేరి, నాయకత్వం వహించి, బెంగాల్‌లోనే స్థిరపడెను. 2023 ఫిబ్రవరిలో ఆయన మరణించినప్పుడు కలకత్తా అభిమానులు తమవానిగానే ఆయనను సాగనంపారు.

కరిసల్ నేలపై తరతరాలుగా సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. ఈ కుటుంబాల పూర్వికులూ ఒకనాడు బయటినుండి వచ్చినవారే. కోవిల్పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస సంతతిని గురించే తమిళంలో ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవల రచించి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందెను. ఎక్కడినుండి వచ్చారన్నది కాక, వచ్చి నిలిచారా లేదా అన్నదే ఊరు చూస్తుంది. ఆటగాడి విషయంలోనూ, యజమాని విషయంలోనూ కొలత ఇదే.

విదేశాలలో జరిగినది

ప్యారిస్ క్లబ్బును 2011లో ఖతార్ ప్రభుత్వానికి చెందిన సంస్థ కొన్నది. నేమార్, ఎంబాపే, మెస్సీ ముగ్గురూ ఒకే జట్టులో ఆడిన కాలంలో కూడా ఐరోపా చాంపియన్స్ లీగ్ ఆ క్లబ్బుకు దక్కలేదు. 2023లో మెస్సీ, నేమార్, 2024లో ఎంబాపే వెళ్లిపోయిన తరువాత, 2025 మే 31న మ్యూనిక్‌లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి తొలిసారి ఆ కప్పు గెలిచినది. గెలిచిన జట్టు కూడా చౌకది కాదు. అయితే అది ఒక్కని పేరుపై నడిచిన జట్టు కాదు. పందొమ్మిదేళ్ల కుర్రవాడు దెజిరె దువే ఆ ఫైనల్‌లో రెండు గోల్స్ చేసెను.

లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బుకు హైదరాబాద్ వంటి అనుభవమే ఎదురైనది. 1988లో ఎఫ్.ఎ. కప్ గెలిచిన ఆ క్లబ్బును దూరనగరమైన మిల్టన్ కీన్స్‌కు తరలించుటకు 2002లో అనుమతి లభించినది. అభిమానులు అదే ఏడాది చందాలు వేసుకొని కొత్త క్లబ్బును స్థాపించారు. బహిరంగ మైదానంలో ఎంపికలు జరిపి ఆటగాళ్లను ఎన్నుకొన్నారు. తొమ్మిదవ శ్రేణిలో ఆరంభమైన ఆ జట్టు 2011 నాటికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌కు చేరినది. 2020లో తమ పాత పేటకే తిరిగివచ్చినది.

జర్మనీలో క్లబ్బు వోట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండవలెననే నియమం ఉన్నది. ఒకటి రెండు మినహాయింపులు ఉన్నప్పటికీ, అక్కడ యజమాని తలచుకొన్నంత మాత్రాన క్లబ్బు ఊరు మారదు.

కోవిల్పట్టికి ఉన్న బలం

కోవిల్పట్టి పేరు చెప్పగానే అగ్గిపెట్టెలు, కడలై మిఠాయి, హాకీ గుర్తుకు వస్తాయి. కృష్ణానగర్‌లో కృత్రిమ గడ్డి మైదానం, తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ వారి హాకీ వసతి శిక్షణ కేంద్రం ఉన్నవి. పదేళ్లకు పైగా జరుగుతున్న లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత పోటీలకు రైల్వే, బ్యాంకు, చమురు సంస్థల జట్లు వస్తున్నవి. ఇక్కడ శిక్షణ పొందిన మారీశ్వరన్ శక్తివేల్, సెల్వం కార్తి ఇరువురూ 2022 ఆసియా కప్‌కు భారత జట్టులో ఎంపికయ్యారు. పాకిస్తాన్‌పై ఆడిన తొలి మ్యాచిలోనే కార్తి గోల్ చేసెను. 2023 ఆగస్టులో చెన్నైలో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచిన జట్టులోనూ అతడున్నాడు. తరువాత తమిళనాడు డ్రాగన్స్ తరఫున ఆడెను. 2025 నవంబరు, డిసెంబరు నెలలలో జూనియర్ ప్రపంచ కప్ చెన్నై, మదురై నగరాలలో జరిగి, భారత్ కాంస్యం పొందినది. విరుదునగరం నుండి మదురై గంట ప్రయాణమే.

వేలంలో 54 లక్షలు పలికిన విదేశీ ఆటగాడి నైపుణ్యాన్ని దగ్గరగా చూచుట ఇక్కడి పిల్లలకు మేలే. అయితే ఆ జట్టుపై అభిమానం నిలువవలెనంటే వేలం ఒక్కటే చాలదు. జట్టు తన పేరుగల నేలపై ఆడుచున్నదా, ఇక్కడి జూనియర్లకు చోటిస్తున్నదా, జీతాలు సకాలంలో ఇస్తున్నదా, ఆటగాడిని పెంచిన మైదానానికి ఏమైనా తిరిగి చేరుతున్నదా అని అభిమానులు అడుగవలెను. హాకీ వేలంలోనూ ఫుట్‌బాల్‌లోని 5 శాతం వంటి నియమం ఉన్నట్లయితే, వేకువనే పిల్లలను మైదానానికి తెచ్చే గ్రామీణ శిక్షకులకు అది పెద్ద ఆసరా అవుతుంది.

ఆడే పిల్లలున్న తల్లిదండ్రులు కూడ జాగ్రత్త వహించవలెను. లీగ్ వేలంలో పేరు పలికే అవకాశం అతికొద్ది మందికే. రైల్వే, పోలీసు, బ్యాంకు వంటి సంస్థలలో క్రీడాకారుల కోటా ఉద్యోగమే ఎక్కువమందికి అందే ఫలం. అందుకు చదువు కూడ కావలెను. ఒప్పందంపై సంతకం చేయుటకు ముందు గడువెంత, గాయమైతే వైద్యం ఎవరిది, డబ్బు ఎన్ని విడతలుగా వస్తుంది అని తెలిసినవారిచేత చదివించుకొనుట మంచిది.

కోవిల్పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందుచేత వేరొక ప్రాంతంలో చేసిన మిఠాయిని ఆ పేరుతో అమ్మరాదు. జట్టుకు అటువంటి రక్షణ లేదు. యజమాని దానిని మరొక ఊరికి తీసుకొనిపోవచ్చును. మైదానం, శిక్షకుడు, ఆడే పిల్లలు మాత్రం ఊరిలోనే ఉంటారు. లీగ్ పోటీలను ఆసక్తితో చూచుచూనే, సాయంకాలం తమ ఊరి పిల్లలు ఆడే ఆటకు కూడ వెళ్లి నిలుచుట అభిమానులు చేయదగిన పని.