త్రిపురాలను కొట్టిన బాణం

ఆకాశంలో పరిభ్రమించే శత్రునౌకను నేలమీదినుంచి ఒకే అస్త్రంతో కూల్చడం విజ్ఞాన కల్పనా సాహిత్యంలో బాగా నలిగిన సన్నివేశం. తెలుగు పాఠకుడికి అది ఇంకా పాతది. త్రిపుర సంహారం కథ వినకుండా పెరిగినవాళ్లు మనలో తక్కువ. శ్రీశైలానికి తూర్పు ద్వారమని చెప్పే త్రిపురాంతకానికి పేరు వచ్చింది ఆ కథనుంచే.

వ్యాసభారతంలో ఇది కర్ణపర్వంలో వస్తుంది. కర్ణుడికి సారథ్యం చేయడానికి శల్యుడు మొరాయిస్తే, అతణ్ణి ఒప్పించడానికి దుర్యోధనుడు చెబుతాడు. తారకాసురుడి ముగ్గురు కొడుకులకు మయుడు మూడు పురాలు కట్టి ఇచ్చాడు. ఒకటి బంగారంతో, ఒకటి వెండితో, ఒకటి ఇనుముతో. అవి ఒకచోట నిలవవు, తిరుగుతూనే ఉంటాయి. వెయ్యేళ్లకు ఒకసారి మాత్రం మూడూ కలుస్తాయి. అప్పుడు ఒక్క బాణంతో కొట్టగలిగినవాడి చేతిలోనే వాటికి నాశనం. శివుడికి భూమే రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు, విష్ణువు బాణంలో చేరాడు, బ్రహ్మ పగ్గాలు పట్టాడు (దుర్యోధనుడికి కావలసింది ఈ చివరి ముక్కే). రథం భూమే కనుక దీన్ని నేలమీదినుంచి విడిచిన అస్త్రమనే అనుకోవచ్చు.

మన పూర్వులకు క్షిపణులు తెలుసునని ఈ కథను సాక్ష్యానికి పిలిచేవారున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. కథకుడికి రాకెట్టు తెలియదు, కాని గురి అంటే ఏమిటో తెలుసు. సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే ఉపగ్రహాన్ని వెంటాడి పట్టడం క్షిపణికి సాధ్యం కాదు, అవసరమూ లేదు. అది తాను కక్ష్యలో ప్రవేశించనక్కరలేకుండా పైకి లేచి, ఉపగ్రహం వచ్చే దారిలో, వచ్చే క్షణానికి అడ్డంగా ఉంటే చాలు. రెండింటి వేగమే మిగతా పని చేస్తుంది. శివుడు వేచి చూసిందీ అటువంటి క్షణం కోసమే.

మొదట్లో మనుషులకు అంత గురి కుదరలేదు. గురి లోటును అణుబాంబుతో పూడ్చాలనుకున్నారు. 1960లలో అమెరికా పసిఫిక్ సముద్రంలోని జాన్‌స్టన్ దీవిలో థోర్ క్షిపణులను అణ్వస్త్రాలతో సిద్ధంగా నిలిపింది. దానివల్ల ఏమవుతుందో అంతకుముందే తెలిసింది. 1962 జులై 9న అదే దీవినుంచి పంపిన 1.4 మెగాటన్నుల బాంబు 400 కిలోమీటర్ల ఎత్తున పేలితే, దాదాపు 1,450 కిలోమీటర్ల దూరంలోని హవాయిలో వీధి దీపాలు ఆరిపోయాయి. బ్రిటన్ తొలి ఉపగ్రహం ఏరియల్-1 దెబ్బతింది. అది ఎవరి శత్రువూ కాదు.

తరువాత గురి కుదిరింది, బాంబు అవసరం తప్పింది. 2007 జనవరి 11న చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని 865 కిలోమీటర్ల ఎత్తున నేరుగా ఢీకొట్టింది. మూడు వేలకు పైగా శకలాలు లెక్కకు వచ్చాయి.

2019 మార్చి 27న మనవంతు. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలల పనితనమది. ఆనాటి డీఆర్‌డీవో అధిపతి సతీశ్ రెడ్డి నెల్లూరు జిల్లావారు. లక్ష్యమైన ఉపగ్రహం రెండు నెలల ముందు శ్రీహరికోటనుంచి వెళ్లినదే. ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవినుంచి లేచిన క్షిపణి దాన్ని దాదాపు 283 కిలోమీటర్ల ఎత్తున కొట్టింది. శకలాలు త్వరగా రాలిపోవాలని కావాలనే అంత తక్కువ ఎత్తు ఎంచుకున్నారు. చాలావరకు రాలాయి. నలభై అయిదు రోజుల్లో అన్నీ పోతాయన్న అంచనా మాత్రం నిలవలేదు, కొన్ని ఏడాది దాటినా తిరుగుతూనే ఉన్నాయి. ఆ రోజు నేనూ గర్వపడ్డాను, అది దాచను. ఆ గర్వంలో ముక్కల సంగతి ఎవరైనా ఎత్తితే చిరాకుపడ్డాను కూడా.

2021 నవంబరు 15న రష్యా తన ఉపగ్రహాన్ని పేల్చినప్పుడు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వారు తమ నౌకల్లోకి వెళ్లి తలదాచుకోవలసి వచ్చింది. అందులో రష్యన్లూ ఉన్నారు. మరుసటి ఏడు డిసెంబరులో ఇటువంటి పరీక్షలు మానాలని ఐక్యరాజ్యసమితి తీర్మానిస్తే 155 దేశాలు సరేనన్నాయి. భారత్ ఎటూ ఓటు వేయలేదు.

కర్ణపర్వం కథ బాణం తగలడంతో ముగియదు. కాలుతున్న పురాలు పడమటి సముద్రంలో పడిపోయాక, శివుడు తన కోపంనుంచి పుట్టిన అగ్నిని తానే వారిస్తాడు, ముల్లోకాలను బూడిద చేయవద్దని. హరికథల్లో, సినిమాల్లో ఆ ఘట్టం నాకు కనబడిన గుర్తు లేదు. దుర్యోధనుడు కూడా దాని మీద ఆగడు, శల్యుణ్ణి ఒప్పించే పనిలో పడిపోతాడు.