కప్పు నుంచి పక్కగోడకు

హైదరాబాద్‌లో తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్తే కాలికింద ఉండేది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. ఆర్ట్స్ కాలేజీ కట్టింది ఆ జాతి రాతితోనే. పగుళ్ళే తప్ప పొరలుండవు కాబట్టి, నిలువుగా కోసినా చాలాచోట్ల నిలబడుతుంది. ఇక్కడ భూగర్భశాస్త్రం చదివి సింగరేణి బొగ్గు గనులకు వెళ్ళినవాళ్ళకు గోదావరి లోయలో తగిలే రాయి తీరు వేరు.

1870ల మొదట్లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆపైన ఎనభై ఏళ్ళకు పైగా బొగ్గంటే బాయి దిగడమే, భయమంతా నెత్తిమీది కప్పుతోనే. 1975లో సింగరేణి ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి గొయ్యి తవ్వి బొగ్గు తీయడం, మొదలుపెట్టాక ఆ భయం గొయ్యి పక్కగోడకు మారింది. 1978లో ఉస్మానియా పరిధిలోనే కొత్తగూడెంలో మైనింగ్ కాలేజీ వచ్చింది.

గోడ ఎందుకు జారుతుంది? సుమారు 25-30 కోట్ల ఏళ్ళ కిందట నదులు పోసిన ఇసుక, బురద, కుళ్ళిన చెట్లు ఒకదానిమీద ఒకటి పేరుకుని ఇసుకరాయి, బంకమట్టి, బొగ్గు పొరలయ్యాయి. ఆ పొరలు ఒక పక్కకు వాలి ఉంటాయి. వాలు గొయ్యి వైపే ఉంటే, గోడను మెట్టులా, అంటే బెంచిగా, కోసిన చోట పైపొరకు కింద ఆసరా పోతుంది. మధ్యలో బెత్తెడు బంకమట్టి చాలు, పైనున్నదంతా దానిమీదుగా జారడానికి. వాన నీరు మట్టిని నున్నగా చేస్తుందని అందరూ అంటారు గానీ, అసలు నష్టం ఒత్తిడితో. పగుళ్ళలో నిండిన నీరు రాతిని లోపలి నుంచి నెట్టి, పొరల మధ్య పట్టు సడలిస్తుంది. గోదావరి లోయ పుట్టిందే పెద్ద పెద్ద ఫాల్టులతో, అంటే రాయి విరిగి పక్కకు జరిగిన చీలికలతో. వాటి వెంట రాయి ముందే నలిగి ఉంటుంది.

బొగ్గు మీదినుంచి తవ్విపోసిన మట్టి, రాళ్ళ గుట్టలదీ (ఓబీ డంపులదీ) ఇదే కథ. గుట్ట ఎంత ఎత్తన్నదే చాలామంది చూస్తారు. అది ఏ నేలమీద నిలిచిందన్నది అంతకన్నా ముఖ్యం. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో జరిగింది అదే. 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పున డంపు కింది గట్టినేలే 35 మీటర్లు దిగజారింది. కదిలిన మట్టి సుమారు 95 లక్షల ఘనపు మీటర్లు. 23 మంది దానికింద పడ్డారు. కనబడని ఫాల్టు వెంట అంచు తెగి ఉంటుందని ఆ గనిని నడిపే ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ అప్పట్లో చెప్పింది.

కూలేముందు గోడ సాధారణంగా సూచన ఇస్తుంది. బెంచి అంచుకు వెనగ్గా వెంట్రుకంత పగులు లేస్తుంది. దానికి అటూ ఇటూ రెండు మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం రోజూ కొలవడం పాత పద్ధతి. ఇప్పుడు రాడార్లు మిల్లీమీటరు కదలికనూ పట్టేస్తున్నాయి. మరి గుట్ట కింది ఫాల్టును కనుక్కోవాలంటే మాత్రం ముందుగా బోర్లు వేయాల్సిందే.