కోరంగి ఉప్పెన నేర్పిన పాఠం: గోదావరి ముఖద్వారంలో తుపానుల చరిత్ర

గౌతమీ గోదావరి సాగరసంగమానికి చేరువలో వెలసిన పట్టణం యానాం. నది మోసుకొచ్చిన ఒండ్రుమట్టి ఈ సీమకు వరిచేలను, కొబ్బరితోటలను ప్రసాదించింది. ఆ నదీ సముద్రాలే ఈ నేలకు మరొక వారసత్వాన్ని కూడా అప్పగించాయి. అది తుపాను. 1723లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పిన నాటి నుండి నేటి వరకు పాలకులు మారారు, సరిహద్దులు మారాయి. కార్తీకమాసపు గాలివాన మాత్రం మారలేదు.

యానానికి ఉత్తరాన కొద్ది క్రోసుల దూరంలో ఉన్న కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో ఆ రేవుపై మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటిగా విరుచుకుపడ్డాయి. మొదటి అల ఓడలను ఒడ్డుకు విసిరివేయగా, తరువాతివి ఊరిని ముంచివేశాయి. సుమారు 20,000 మంది మరణించినట్లు నాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. అర్ధశతాబ్దం గడిచి, ఊరు మళ్లీ కుదుటపడిన తరుణంలో, 1839 నవంబరు 25న రెండవ ఉప్పెన వచ్చింది. అందులో 3,00,000 మంది మృతిచెందారని తరచు వ్రాస్తుంటారు. ఒక రేవుపట్టణానికి అంత జనసంఖ్య ఉండడం సందేహాస్పదం కనుక ఆ అంకెను జాగ్రత్తగా స్వీకరించడమే ఉచితం. కోరంగి తిరిగి పూర్వవైభవాన్ని అందుకోలేదన్నది మాత్రం నిర్వివాదాంశం.

ఈ విషాదం నుండి శాస్త్రానికి కొంత మేలు కలిగింది. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశాడు. చుట్టచుట్టుకొన్న సర్పాన్ని స్ఫురింపజేసే గ్రీకుమాట ఆధారంగా 'సైక్లోన్' అనే పదాన్ని వాడుకలోకి తెచ్చినవాడు ఆయనే. 1848లో వెలువడిన ఆయన గ్రంథం నావికులకు మార్గదర్శకమైంది. 1864లో కలకత్తాను, మచిలీపట్నాన్ని వరుసగా తుపానులు ధ్వంసం చేసిన పిమ్మట హెచ్చరికల ఆవశ్యకతను ప్రభుత్వం గుర్తించింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

తుపానులో ప్రాణాలు తీసేది గాలి ఒక్కటే కాదు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముళ్లకు ఎదురుదిశలో సుడితిరుగుతుంది. అందువలన పడమరగా సాగి తూర్పుతీరాన్ని దాటే తుపానుకు ఉత్తరపు పక్కనున్న గాలులు సముద్రజలాన్ని నేలమీదికి నెడతాయి. తీరం లోతు తక్కువై, ఒడ్డు పల్లమై ఉంటే ఆ నీరు ఉప్పెనగా మారి ఊళ్లపైకి వస్తుంది. డెల్టాభూముల లక్షణమే అది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది అసువులు బాశారు. ఆ దుర్ఘటన తరువాత తీరమంతటా తుపాను రక్షణ భవనాలు వెలిశాయి. 1990 మే నెలలో అంతే భీకరమైన తుపాను కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటినప్పుడు, లక్షలాది జనాన్ని ముందుగా తరలించినందున మృతుల సంఖ్య 1,000కి లోపుననే నిలిచింది. తుపాను బలం తగ్గలేదు, మనుషుల సన్నద్ధత పెరిగింది.

అయినా 1996 నవంబరు 6 రాత్రి ఆ సన్నద్ధతలోని లోపం బయటపడింది. కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను యానాన్ని, కోనసీమను అతలాకుతలం చేసింది. వేయిమందికి పైగా మరణించారు, అనేకుల జాడ తెలియలేదు. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెలు శోకసముద్రాలయ్యాయి. నాటి చిన్న నావలలో చాలావాటికి తీరంతో మాట్లాడే సాధనం లేదు. తుపాను ఉన్నదని శాస్త్రజ్ఞులకు తెలియడం వేరు, ఆ కబురు నడిసముద్రంలోని నావకు చేరడం వేరు. నేలకొరిగిన కొబ్బరిచెట్ల స్థానంలో నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. తిరిగిరాని తండ్రుల స్థానం మాత్రం భర్తీ కాలేదు.

తరువాతి కాలంలో ఉపగ్రహాలు, చరవాణులు ఆ లోటును చాలవరకు తీర్చాయి. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. కోరంగి మడఅడవులు 1978 నుండి అభయారణ్యంగా రక్షణ పొందుతూ, అలల ఉద్ధృతిని తగ్గించే సహజమైన కోటగా నిలుస్తున్నాయి. కానీ చట్టమూ, ఉపగ్రహమూ ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేవు. అక్కడ పని కుటుంబానిదే.

రేవులో ఎగురవేసే ప్రమాద సూచికల అర్థం ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి. ఒకటి, రెండు సంఖ్యలు దూరాన ఉన్న ముప్పును తెలుపుతాయి. పదవది మహాప్రమాదానికి గుర్తు. పదకొండవది వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అక్టోబరు రాకముందే ఇంటి పత్రాలను నీరు చొరని సంచిలో భద్రపరచడం, అటుకులు, తాగునీరు, టార్చిలైటు సిద్ధంగా ఉంచుకోవడం, పశువుల పలుపుతాళ్లు విప్పడం, వృద్ధులను ఎవరు తోడ్కొనిపోవాలో ముందుగా నిర్ణయించుకోవడం అవసరం. గాలి హఠాత్తుగా ఆగినంత మాత్రాన తుపాను వెళ్లిపోయినట్లు కాదు. తుపాను కన్ను పైనుండి సాగుతున్నప్పుడు కలిగే ఆ ప్రశాంతత కొద్దిసేపే. పిదప ఎదురుదిక్కు నుండి గాలి మళ్లీ వీస్తుంది. ఆ సమయంలో బయటికి వచ్చినవారే ఎక్కువగా బలియవుతారు.

పల్లపుసీమలో పాఠశాల భవనం చదువులకే కాదు, ఆపత్కాలంలో తలదాచుకోవడానికి కూడా ఆశ్రయం. దాని తాళంచెవి రాత్రివేళ ఎవరివద్ద ఉంటుందో ఊరందరికీ తెలియాలి. కోరంగి ప్రజలకు హెచ్చరిక లేదు. 1996లో హెచ్చరిక ఉన్నా అందరికీ చేరలేదు. నేటి తరానికి అది చేతికందుతోంది. దానిని విని, సకాలంలో గడప దాటడమే ఆ గతించినవారికి ఈ తరం అర్పించగల నివాళి.