బ్రూక్స్ నియమం

ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి కొత్తగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని చెప్పే సూత్రం బ్రూక్స్ నియమం. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్రూక్స్ (1931–2022) 1975లో వెలువరించిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ గ్రంథంలో దీన్ని ప్రతిపాదించాడు. తొలిసారి టీమ్ లీడ్ అయినవారు తప్పక తెలుసుకోవలసిన సూత్రమిది.

నేపథ్యం

ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 కంప్యూటర్లను ప్రకటించింది. వాటి రూపకల్పనకూ, ఆపై వాటిని నడిపే ఓఎస్/360 ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికీ బ్రూక్స్ సారథ్యం వహించాడు. ఓఎస్/360 గడువు దాటింది. ఖర్చు అంచనాలను మించిపోయింది. ఆ అనుభవం నుంచే ఈ గ్రంథం పుట్టింది.

కారణాలు

వరికోతకు రెట్టింపు మంది దిగితే చేను సగం రోజుల్లో తెములుతుంది. ఒకరి కోసం మరొకరు ఆగే పని లేదు. సాఫ్ట్‌వేర్ పని అలా తెగదు. బ్రూక్స్ దాన్ని గర్భంతో పోల్చాడు. ఎందరు స్త్రీలున్నా బిడ్డకు నెలలు నిండవలసిందే. కొత్తవారికి పని నేర్పేది పాతవారే కాబట్టి, ఆ రోజుల్లో వారి పనీ కుంటుపడుతుంది. పైగా మాట్లాడుకోవలసిన జతలు పెరుగుతాయి: ఐదుగురి మధ్య 10, పదిమంది మధ్య 45, యాభైమంది మధ్య 1,225.

గడువు లెక్క

బ్రూక్స్ మొత్తం కాలంలో మూడో వంతు ప్రణాళికకు, ఆరో వంతు కోడింగ్‌కు, నాలుగో వంతు విడిభాగాల పరీక్షకు, నాలుగో వంతు పూర్తి సిస్టమ్ పరీక్షకు కేటాయించాడు. అంటే కోడింగ్ ముగిసేనాటికి గడిచేది సగం కాలమే. కొత్త లీడ్‌లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కోడ్ రాయడం అయిపోగానే పని అయిపోయిందనుకుని, టెస్టింగ్‌కు నాలుగు రోజులు మిగిల్చి, పై అధికారులకు తేదీ ఇచ్చేస్తారు.

పరిమితులు, ఆచరణ

ఈ నియమం అతి సరళీకరణేనని బ్రూక్స్ స్వయంగా ఒప్పుకున్నాడు. ప్రాజెక్టు తొలిదశలోనే మనుషులను చేర్చినా, విడిగా చేయగల పనులు అప్పగించినా నష్టం తగ్గుతుంది. గడువు జారుతోందని తెలిసిన వెంటనే ఆ మాట పైవారికి చెప్పి, కొత్త తేదీ కోరడమో, కొన్ని ఫీచర్లను తరువాతి విడుదలకు వాయిదా వేయడమో మేలు.