సాదా బైనామా - రద్దు చేయదగిన బేరం

శంషాబాద్ అన్న పేరులోనే పాయెగా ప్రభువుల 'షమ్సుల్ ఉమరా' బిరుదు వినిపిస్తుంది. 1949లో జాగీర్లు రద్దయినా, ఆ గ్రామాల్లో భూమి చేతులు మారే కాగితానికి పాత పేరే నిలిచింది: బైనామా. అరబ్బీలో 'బై' అంటే అమ్మకం. స్టాంపూ రిజిస్ట్రేషనూ లేకుండా తెల్లకాగితంపై వ్రాసుకున్నది సాదా బైనామా.

1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 47వ సెక్షను ప్రకారం ముందస్తు అనుమతి లేని భూవిక్రయం చెల్లదు. రైతుకు ఈ సంగతి ఏం తెలుసు? సొమ్ము చెల్లించాడు, భూమి దున్నుకున్నాడు. 1969లో ఆ సెక్షనును తొలగించి, 50-బి క్రింద పాత బేరాలకు తహశీలుదారు ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేశారు. చెల్లని బేరం తరువాతి ఆమోదంతో చెల్లుబాటైందన్నమాట.

ఈ ఆలోచన హనఫీ ధర్మవేత్తలకు కొత్త కాదు. వారి దృష్టిలో చెల్లని బేరాలన్నీ ఒక్కటి కావు. మృతపశువు అమ్మకం 'బాతిల్', అంటే మూలంలోనే శూన్యం. మూలం సవ్యంగా ఉండి షరతులో దోషముంటే అది 'ఫాసిద్'. కొన్నవాడు స్వాధీనం చేసుకుంటే యాజమాన్యం సంక్రమిస్తుంది, కాని దోషం తొలగనంత వరకు దానిని రద్దు చేయవలసిందే. పరుల సొత్తును అనుమతి లేకుండా అమ్మితే అది 'మౌఖూఫ్'; యజమాని ఆమోదం కోసం ఆగి ఉంటుంది. బెదిరించి చేయించిన అమ్మకాన్ని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై), ఆయన ఇద్దరు శిష్యులు ఫాసిద్ అన్నారు. ఇమామ్ జుఫర్ మౌఖూఫ్ అన్నారు. బాధితుడు తరువాత మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే అది స్థిరపడుతుంది. 1872 భారత ఒప్పందాల చట్టం 19వ సెక్షను కూడా బలవంతం, మోసంతో పొందిన ఒప్పందాన్ని నిలుపుకోవడమో రద్దు చేసుకోవడమో బాధితుని ఇష్టానికే వదిలింది.

2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకున్న ఈ ప్రాంతానికి అన్నిటికంటె దగ్గరి ప్రశ్న ధరది. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869-76 మధ్య క్రోడీకరించిన 'మజల్లా' స్థిరాస్తి ధరలో అయిదో వంతు తేడాను 'గబ్నె ఫాహిష్', అనగా ఘోర నష్టం, అన్నది. అయితే తేడా ఒక్కటే చాలదు, వంచన కూడా ఉండాలి. తక్కువకు అమ్ముకున్నానన్న పశ్చాత్తాపం బేరాన్ని రద్దు చేయదు. ఒప్పందాల చట్టం తీరూ దాదాపు ఇదే: తక్కువ ధర స్వయంగా దోషం కాదు, సమ్మతిని పరీక్షించేటప్పుడు లెక్కలోకి వస్తుంది.

అనాథల సొత్తుకూ వక్ఫ్ సొత్తుకూ మజల్లా మినహాయింపు ఇచ్చింది. అక్కడ వంచన లేకున్నా ఘోర నష్టపు అమ్మకం చెల్లదు. విమానాశ్రయం సమీపంలోనే బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న పహాడీ షరీఫ్‌కు వెళ్ళివచ్చే పాఠకులు ఈ నియమాన్ని తేలికగా తీసుకోరాదు. వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ మరింత ముందుకు పోయి, వక్ఫ్ ఆస్తి విక్రయం మొదటి నుండీ శూన్యమన్నది. అనగా ఫాసిద్ కాదు, బాతిల్ వంటిది.

సాధారణ పట్టా భూమి సంగతి వేరు. కొన్నవాడు దానిపై కట్టడం లేపితే వంచితుని రద్దు హక్కు పోతుందనీ, ఆ హక్కు వారసులకు సంక్రమించదనీ మజల్లా అంటుంది. మన దేశంలో 1963 కాలపరిమితి చట్టం దస్తావేజు రద్దుకు దావా వేయడానికి మోసం తెలిసిన నాటి నుండి మూడేళ్ళు గడువిచ్చింది.